పొడుగు చేతుల జాకెట్టు

రాయపూర్ రైల్వే కాలనీలో ముప్పై దాకా తెలుగు క్రైస్తవ కుటుంబాలు ఉండేవి. ముప్పై ఇళ్ళకూ కలిపి ఒకే ఒక కోటు ఉండేది. నల్ల ఉన్ని కోటు. ఎవరో ఆంగ్లో ఇండియన్ గార్డు ఉద్యోగం ముగించుకుని సముద్రం దాటి పోతూ, తన సామాను మోసిన మనిషికి ఇచ్చిపోయాడట. ఆ మనిషి భార్య శేషమ్మ దాన్ని రేకుపెట్టెలో కలరా ఉండలు వేసి దాచింది. కాలనీలో ఎవరికి పెళ్ళి కుదిరినా ముందు పాస్టరు అయ్యగారి దగ్గరికి వెళ్ళి గుడిలో తేదీ అడిగేవారు, ఆ తర్వాత శేషమ్మ దగ్గరికి వచ్చి కోటు అడిగేవారు. పెళ్ళికొడుకు లావుగా ఉంటే ఆమె వీపు కుట్టు విప్పి వదులు చేసేది. బక్కవాడైతే మళ్ళీ లోపలికి మడిచి కుట్టేది. కొన్నేళ్ళకే ఆ కుట్టు వెంబడి సూది పోట్లు మశూచి మచ్చల్లా తేలాయి. వీపు కాబట్టి ఫొటోలో పడేవి కావు.

కోటు మన ఎండకు పుట్టిన బట్ట కాదు. చలిదేశంలో చలి ఆపడానికి పుట్టి, ఇక్కడికొచ్చి చెమట పట్టించడానికి మాత్రమే పనికొచ్చింది. అయినా దాన్ని తొడుక్కున్నవాడి ముందు తొడుక్కోనివాడు తరతరాలు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పట్టాల మీద సుత్తి పట్టుకుని నడిచే గ్యాంగుమేన్‌కి పెళ్ళినాడు ఒక్కరోజు, ఎవరి ముందూ చేతులు కట్టుకోనక్కరలేని మనిషిలా కనబడాలనిపిస్తే తప్పుపట్టేదేమీ లేదు. చిక్కంతా ఫొటోలతో వచ్చింది.

ఆ కోటులో తీయించిన ఫొటో ఒకటి 1961లో తుని దగ్గరి ఒక పల్లెకు చేరింది. కోటులో ఉన్న మనిషి పేరు మోషే. ఫొటో చూసిన పిల్ల పేరు సారమ్మ, పద్దెనిమిదేళ్ళది. ఫొటో తెచ్చిన పెద్దమనిషి "రైల్వేలో పని" అన్నాడు, అంతే. ఆ పల్లెవాళ్ళకు రైలు గురించి గట్టిగా తెలిసిన సంగతి ఒకటి: నల్లకోటు వేసుకున్నాయన వస్తే టికెట్టు చూపించాలి. రైల్వేలో పని, ఒంటిమీద నల్లకోటు. ఇంకేం కావాలి. పెళ్ళిలోపు సారమ్మ ఊళ్ళో టీసీగారి భార్య అయిపోయింది.

"మమ్మల్ని టికెట్టు లేకండా ఎక్కించుకుంటాడేంటే మీ ఆయన?" అని స్నేహితురాళ్ళు ఏడిపించేవారు.

"ఎక్కించుకోడు. నడిమజ్జిలో దించేత్తాడు," అనేది సారమ్మ గర్వంగా.

పెళ్ళయ్యాక రాయపూర్ వస్తుంటే బండిలోకి నిజం టీసీ ఒకడు వచ్చాడు. మోషే చటుక్కున లేచి నిలబడి, రెండు చేతులతో పాసు చూపించాడు. ఒక టీసీకి ఇంకో టీసీ అంటే ఎంత గౌరవమో అనుకుంది సారమ్మ. ఇల్లు చేరేసరికి గుమ్మంలో శేషమ్మ కూర్చుని ఉంది.

"వచ్చారా నాయనా. కోటు నలక్కండా తెచ్చావా? శనివారం ఇంకో పెళ్ళుంది. ఆ పిల్లాడు కాస్త ఒళ్ళున్నోడు, వీపు విప్పాల."

"ఎవరి కోటండీ?" అంది సారమ్మ.

"మనందరిదీనమ్మా."

మర్నాడు తెల్లారకముందే మోషే ఖాకీ నిక్కరు వేసుకుని, భుజాన సుత్తి పెట్టుకుని పట్టాల వెంబడి నడిచిపోయాడు. సారమ్మ మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు అన్నం పెడుతూ అడిగింది.

"నువ్వు టీసీవి కాదా?"

"నేను టీసీనని ఎవరన్నారే?" మోషే నిజంగానే తెల్లబోయాడు.

సారమ్మ ఆలోచించింది. ఎవరూ అనలేదు. నిందించడానికి ఒక్క మనిషి కూడా దొరకలేదు. అబద్ధమాడింది కోటు ఒక్కటే, అది అప్పటికే ఇంకొకడి ఒంటి మీదికి ఎక్కింది.

మోషే చెడ్డవాడు కాదు. తాగేవాడు కాదు, చెయ్యెత్తి ఎరగడు, జీతం తెచ్చి చేతిలో పెట్టేవాడు. కానీ మోసపోయాననుకున్న మనిషికి దొరికిన సరుకు మంచిదా కాదా అని చూసే ఓపిక ఉండదు. ముప్పై ఏళ్ళ కాపురంలో సారమ్మ అతన్ని బాగానే చూసుకుంది. మెచ్చుకోవడం మాత్రం ఎన్నడూ చెయ్యలేదు.

ఆమె చేసిన పని ఇంకొకటుంది. శేషమ్మ దగ్గరికి వెళ్ళి కుట్టుపని నేర్చుకుంది. బట్ట తనను ఎలా మోసం చేసిందో విప్పి చూడాలన్న కక్ష కొద్దీ నేర్చుకుందనాలి. కుట్టు విప్పితే బట్ట చరిత్ర బయటపడుతుంది. ఎంత వెడల్పు లోపలికి మడిచారు, ఎన్నిసార్లు విప్పారు, మొదట ఎవరి కొలతకు కత్తిరించారు. అయిదారేళ్ళకు సారమ్మకు ఎంత చూపు వచ్చిందంటే, గోల్ బజార్లో ఎదురుగా వచ్చే మనిషి చొక్కా భుజం చూసి అది సొంతదో అరువుదో చెప్పేసేది. కాలనీలో ఆడవాళ్ళ జాకెట్లు, పిల్లల యూనిఫారాలు అన్నీ ఆమె మిషను మీదికే వచ్చాయి. శేషమ్మ పోయాక కోటు కూడా ఈమె పెట్టెలోకే వచ్చింది. కొన్నేళ్ళు అది పెళ్ళిళ్ళకు వెళ్ళి వచ్చింది. తర్వాత సఫారీల కాలం వచ్చింది. పొట్టి చేతులు, నాలుగు జేబులు, పైనా కిందా ఒకటే రంగు. అడవిలో వేటకు పోయే దొరలు తొడిగిన బట్ట, వేట లేని దేశంలో ఆఫీసర్లకూ కాంట్రాక్టర్లకూ వాళ్ళను చూసి మిగతావాళ్ళకూ ముద్దొచ్చింది. కోటు అడగడానికి ఎవరూ రాలేదు. చిమ్మెటలు తినగా మిగిలింది కోసి సారమ్మ ఇస్త్రీ బల్ల మీద పరుచుకుంది.

ఆమెకు బతికి బట్టకట్టిన బిడ్డ ఒక్కతే, రత్నకుమారి. ముందు ఇద్దరు పురిట్లోనే పోయారు. రత్న నర్సు ట్రైనింగు చదివి ఊళ్ళో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరింది. నవ్వితే చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వే పిల్ల. పిల్ల పుట్టిననాడే సారమ్మ మనసులో ఒక మాట అనుకుంది: నాకు జరిగింది దీనికి జరగనివ్వను, బట్ట చూపించి నా బిడ్డను ఎవడూ తీసుకుపోలేడు. ఇరవై నాలుగేళ్ళు ఆ మాట మీదే బతికింది.

1990లో రెండు సంబంధాలు వచ్చాయి. మొదటిది బిలాస్‌పూర్‌లో పార్సిల్ ఆఫీసు గుమాస్తా, అబ్రహాం. ఫొటోలో కోటు వేసుకున్నాడు. ఆ కోటు భుజాలు జారిపోయాయి, చేతులు వేళ్ళదాకా దిగిపోయాయి. ఇంట్లో ముగ్గురూ ఫొటో మీద వంగారు.

"చేతులెక్కడున్నాయమ్మా ఇతనికి?" రత్న నవ్వింది. "కోటు మింగేసినట్టుంది."

"అరువుది," అంది సారమ్మ. "చూడు ఆ భుజం. ఇతని ఒంటికి కుట్టింది కాదు."

"అయితే ఏంటి? చేతులు మడిచి కుడతాలే. నాకొచ్చుగా."

"నవ్వులాట కాదే. ఫొటోకే అరువు తెచ్చుకున్నోడు జీతం సంగతి ఎంత నిజం చెబుతాడు?"

"అలా కాదే," అన్నాడు మోషే నెమ్మదిగా. "గుమాస్తానని కాగితమ్మీద రాసిచ్చాడు గదా. ఒకసారి బిలాస్‌పూర్ ఎల్లి చూసొత్తాను, పాసుందిగా."

"నువ్వు చూసేదేంటి. నిన్ను చూసేగా నేనొచ్చింది."

మోషే ఫొటోను బల్ల మీద పెట్టేశాడు. రత్న మాత్రం ఆ ఫొటోను రెండు రోజులు తన బైబిల్లో పెట్టుకుంది. మూడో రోజు సారమ్మ తీసి తిప్పి పంపించింది. అది అబ్రహాం తండ్రి కోటు. ఆ తండ్రి గార్డుగా చేసి, ఫొటో తీయించడానికి ఆరు నెలల ముందే చనిపోయాడు. తండ్రి లేని పెళ్ళికి కనీసం కోటన్నా ఉండాలని ఆ కుర్రవాడు కత్తిరించకుండా, మడవకుండా ఉన్నదున్నట్టు తొడుక్కున్నాడు. ఈ సంగతి రెండేళ్ళ తర్వాత ఎవరో బిలాస్‌పూర్ వాళ్ళు మాటల్లో చెప్పగా తెలిసింది. అప్పటికి అతనికి పెళ్ళయి కొడుకు పుట్టాడు.

రెండో సంబంధం డేవిడ్. సిల్తారా వైపు ఇనుము ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. అతను ఫొటో పంపలేదు, తానే మోటారు సైకిలు మీద వచ్చాడు. బూడిదరంగు సఫారీ వేసుకున్నాడు. ఉక్కపోతగా ఉందని పైది విప్పి కుర్చీ వెనక వేస్తే, మంచినీళ్ళు ఇచ్చే నెపంతో సారమ్మ దాన్ని లోపలికి తీసుకెళ్ళి తిరగేసింది. భుజం కుట్టు కత్తి గీసినట్టుంది. చంక దగ్గర మడత లేదు, విప్పిన గుర్తు లేదు. కాజాలన్నీ చేత్తో కుట్టినవి. ఈ బట్ట ఈ మనిషి కోసమే పుట్టింది. ఇన్నేళ్ళకు సారమ్మ గుండెల మీది బరువు దిగింది.

అతను చెప్పిన ఉద్యోగం నిజమే, చెప్పిన జీతం నిజమే. సఫారీ ఏ అబద్ధమూ ఆడలేదు. దర్జీ అతని ఛాతీ కొలిచాడు, నడుము కొలిచాడు, చేతులు కొలిచాడు. ఆ చేతులతో ఇంట్లో ఏం చేస్తాడో కొలవడానికి దర్జీ దగ్గర టేపు లేదు.

పెళ్ళయిన ఆరు నెలలకు రత్న ఆసుపత్రి పని మానేసింది. నర్సు యూనిఫారంలో చేతులు బయటికి కనిపిస్తున్నాయని అతనికి ఇష్టం లేదట. పెద్ద ఇల్లు, మంచి జీతం, పనెందుకులే అనుకుంది సారమ్మ. మరుసటి సంవత్సరం మే నెలలో, ఛత్తీస్‌గఢ్ వాళ్ళు నౌతపా అనే ఆ తొమ్మిది మండుటెండల రోజుల్లో, రత్న వచ్చి నాలుగు జాకెట్ల గుడ్డ ఇచ్చింది.

"చేతులు పొడుగ్గా పెట్టమ్మా."

"మోచేతులదాకానా?"

"మణికట్టుదాకా. మెడ కూడా మూసి కుట్టు."

"ఇంత ఎండలోనా?"

"ఇప్పుడలాగే వేసుకుంటున్నారు."

సారమ్మకు అది నమ్మదగిన మాటే. జాకెట్టు చేతుల చరిత్ర ఆమెకన్నా తెలిసినవాళ్ళు ఆ కాలనీలో లేరు. ఆమె పెళ్ళినాటికి మోచేతి దాకా ఉండేవి. తర్వాత ఏటా ఒక వేలెడు పైకెక్కి, డెబ్భైల్లో భుజం దాకా పోయి, కొందరికి అసలే లేకుండా పోయాయి. ఆ తర్వాత బుట్ట చేతులై ఉబ్బాయి. పైకెక్కింది కిందికి దిగక తప్పదు, ఇప్పుడు దిగుతోంది కాబోలు. ఆమె తలూపి, "మణికట్టు దగ్గర కాజాలు ఎన్ని పెట్టమంటావే, రెండా మూడా?" అని అడిగింది.

"మూడు," అంది రత్న.

టేపు తీస్తే వద్దంది. సంచిలోంచి ఆది జాకెట్టు తీసి ఇచ్చింది, దీని కొలతకే కుట్టమని. పాత జాకెట్టును ఆదిగా ఇచ్చిపోవడం ఆడవాళ్ళకు మామూలే. ఆ ఆది జాకెట్టుకు కుడి చంక చిరిగి, ముతక దారంతో అతుకు వేసి ఉంది. కుట్టు నెమ్మదిగా అరిగిపోతే అంచు పీచులు లేస్తుంది. చెయ్యి పట్టి ఒక్క లాగు లాగితే గుడ్డ అడ్డంగా చీలుతుంది. ఇది అడ్డంగా చీలింది. చూసి, ఈ పిల్లకు బట్ట మీద శ్రద్ధ లేదని విసుక్కుని, సారమ్మ కత్తెర తీసుకుంది.

ఆ జాకెట్లు బాగా కుదిరాయి. సారమ్మ కుట్టినవాటిలో అంత చక్కనివి ముందూ లేవు, తర్వాతా లేవు. ఆదివారం రత్న గుడికి వస్తే ఆడవాళ్ళందరూ చుట్టూ మూగారు.

"ఏంటే ఇది, కొత్తగా?"

"సిల్తారా ఆఫీసర్ల ఇళ్ళలో అందరూ ఇవే," అంది సారమ్మ, కూతురు నోరు తెరిచేలోపు. అది ఆమె అప్పటికప్పుడు అల్లిన మాట. "మా రత్న తెచ్చిన ఫ్యాషన్. ఏదీ, చెయ్యి చాపవే. ఆ కాజాలు చూడండి."

వాళ్ళు చేతులు పట్టుకుని, గుడ్డ నలిపి, కుట్టు వెంబడి వేళ్ళు నడిపి చూశారు. రత్న నవ్వింది. ఈసారి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు, రెండు చేతులూ వాళ్ళ దగ్గరున్నాయి.

క్రిస్మస్ నాటికి కాలనీలో ఇరవై మంది దాకా పొడుగు చేతుల జాకెట్లు కుట్టించుకున్నారు. ఫ్యాషన్ అంటే ఎక్కడో బొంబాయిలో పుడుతుందనుకుంటారు గానీ, ఒక మనిషి ఒంటి మీద ఒక అవసరం పుడితే, అవసరం సంగతి తెలియని పదిమంది దాన్ని ముచ్చటగా చూస్తే, అదీ ఫ్యాషనే. కాలికి పుండై కుంటుతున్న రాజును చూసి కొలువంతా కుంటిందని పాత కథలు చెబుతాయి. ఇక్కడ రాజూ లేడు, కొలువూ లేదు. వేసవిలో మణికట్టుదాకా చెమటలు కక్కుతూ గ్యాంగుమేన్ల భార్యలున్నారు.

అలా మూడేళ్ళు గడిచాయి. 1994 వేసవిలో మూడిళ్ళ అవతలుండే కమల గుడ్డ పట్టుకొచ్చింది. ఆమె భర్త ఇంజన్ల షెడ్డులో ఖలాసీ. కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల, ఆదిగా ఇవ్వడానికి పాత జాకెట్టు లేదు. సారమ్మ టేపు తీసింది.

"పైన పైన చూసేయత్తా. చీర మీంచే చూసేయి."

"చీర మీంచి చూస్తే చంక తేడా వస్తదే. చెయ్యి చాపు."

సారమ్మ చెయ్యి పట్టుకుంది. కమల పళ్ళు బిగించి గాలి పీల్చింది. పైట తప్పిస్తే మోచేతి పైన నాలుగు వేళ్ళూ బొటనవేలూ అచ్చు గుద్దినట్టున్నాయి, నీలంగా, అంచుల్లో పసుపు తిరిగి.

"ఎవరే? మీ ఆయనా?"

కమల పైట మళ్ళీ చేతి మీదికి లాక్కుంది.

"ఎన్నాళ్ళుగా?"

"పొడుగు చేతులు కుట్టించుకుంటే ఎవరికీ కనిపించదంది. ఎండాకాలం కూడా ఎవరూ అడగరంట. అందరూ అయ్యే వేసుకుంటున్నారు గదా అంది."

"ఎవరంది?"

కమల ఆమె వంక చూసింది. తెలిసీ అడుగుతోందా, తెలియక అడుగుతోందా అన్నట్టు చూసింది.

"రత్నొదిన," అంది.

టేపు సారమ్మ చేతిలో అలాగే ఉండిపోయింది. కమలను పంపేసి, రేకుపెట్టె తీసింది. ఈ మూడేళ్ళలో రత్న వదిలిపోయిన ఆది జాకెట్లు మూడు ఉన్నాయి అందులో. ఒక్కొక్కటే తిరగేసి వెలుగులో పట్టుకుంది. ఒకదాని చంక అడ్డంగా చీలింది. ఇంకొకదాని మెడ దగ్గర మూడు హుక్కులు గుడ్డతో సహా ఊడి, మళ్ళీ కుట్టి ఉన్నాయి. మూడోదాని భుజం లోపలివైపు ఉతికినా పోని మరక. బట్ట లోపలిది చదవగలనని ముప్పై ఏళ్ళుగా మురిసిన మనిషి, మూడు సంవత్సరాలు ఇవన్నీ చేతిలో పెట్టుకుని, కొలత చూసుకుని మడిచి లోపల పెట్టింది.

మర్నాడు సిల్తారా బస్సెక్కింది. ఆ వైపు చెట్ల ఆకులు కూడా నల్లగా ఉంటాయి. ఫ్యాక్టరీ మసి పడుతుందని ఆరేసిన బట్టలన్నీ ఇంట్లోనే తాళ్ళ మీద వేలాడుతున్నాయి. వాటి మధ్యనుంచి వచ్చింది రత్న.

"చెయ్యి చూపించు," అంది సారమ్మ చెప్పులన్నా విప్పకుండా.

"కమల చెప్పిందా?"

"చూపించవే."

"చూసి ఏం చేస్తావమ్మా."

"పద. ఉన్నపళంగా పద. కట్టుబట్టలతో వచ్చేయి."

రత్న తాడు మీది సఫారీ ప్యాంటు తీసి, మడత సరిచేసి బల్ల మీద పెట్టింది. "మొదటిసారే అడుగుతావనుకున్నాను," అంది మెల్లగా. "మే నెలలో మణికట్టుదాకా కుట్టమన్నాను. మా అమ్మకు బట్ట చూస్తే తెలుస్తుంది, ఇప్పుడడుగుతుంది అనుకుని నిలబడ్డాను. నువ్వు కాజాలు రెండా మూడా అని అడిగావు."

సారమ్మ గోడకు జారబడి కూర్చుంది.

"వచ్చేయడానికి నాకు సిగ్గు లేదమ్మా. కానీ ఏమని వస్తాను? కాలనీ మొత్తానికి ఫ్యాషనని చెప్పావు. వాళ్ళందరూ నా చేతులు పట్టుకుని కుట్టు బాగుందన్నారు. పట్టుకున్న చోటల్లా నొప్పే, నవ్వుతూ నిలబడ్డాను. ఇప్పుడొచ్చి అది ఫ్యాషన్ కాదని చెప్పనా?"

"చెప్పు. నేను చెబుతాను."

"వర్షాలు పడనీ. వస్తాను. వేసవిలో నాన్నకు ఆయాసం కదా, ఇప్పుడొద్దు."

బయట మోటారు సైకిలు ఆగింది. డేవిడ్ లోపలికొచ్చాడు. లేత నీలం సఫారీ, ఒక్క మడత చెదరలేదు.

"వందనాలు అత్తయ్యగారూ. ఇంత ధూప్‌లో, ఎండన పడి వచ్చారేంటి, ఫోన్ చేయిస్తే నేనే తీసుకొచ్చేవాణ్ణి కదా. రత్నా, అత్తయ్యగారికి చల్లగా ఏదన్నా ఇచ్చావా?"

దారి పొడుగునా పళ్ళ మధ్య నూరుకుంటూ వచ్చిన మాటలు సారమ్మ నోట్లో ఉన్నాయి. అవి బయటికి రాలేదు. ఆ ఇస్త్రీ మడత ముందు, ఆ మర్యాద ముందు, బండిలో పాసు రెండు చేతులతో చూపించే వాళ్ళ ఇంటి మనిషి అయిపోయింది. "వందనాలు బాబూ," అంది. అతనే బండి మీద బస్టాండుకు తీసుకెళ్ళి, బస్సెక్కించి, కిటికీ పక్కన చోటు చూసి కూర్చోబెట్టాడు.

వర్షాలు పడ్డాయి. ఆగస్టు మూడో వారంలో సిల్తారా నుంచి మనిషి వచ్చాడు. స్నానాలగదిలో జారి పడిందట. ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపే ప్రభువు పిలుచుకున్నాడట. డాక్టరు కాగితం కూడా రాసిచ్చేశాడు.

శవాన్ని కాలనీకి తెచ్చారు, సమాధుల తోట ఇక్కడే కాబట్టి. చనిపోయిన ఆడమనిషిని ఆడవాళ్ళే కడిగి, పెళ్ళిచీర కట్టి, పెట్టెలో పడుకోబెట్టాలి. సారమ్మ అందరినీ బయటికి పంపి తలుపు వేసుకుంది. లోపల చాలాసేపు నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. డేవిడ్ అక్క ముందే తెల్ల పట్టుచీరా, దాని మీదికి పొడుగు చేతుల తెల్ల జాకెట్టూ ఇచ్చి వెళ్ళింది. సారమ్మ కుట్టిందే, మణికట్టు దగ్గర మూడు కాజాలున్నది. ఆమె దాన్ని బిడ్డకు తొడిగింది. తర్వాత కత్తెర తీసుకుని రెండు చేతులూ భుజం దగ్గరికి కత్తిరించేసింది. అంచు కూడా మడవలేదు.

తలుపు తీశాక అందరూ చూశారు. తెల్ల చీర మీద, బయటికి చాపి ఉన్న రెండు చేతులు. కొత్త మచ్చలు, పాత మచ్చలు, మోచేతి దగ్గర వంకరగా అతుక్కున్న ఎముక. జారి పడితే ఒకసారే పడతారు. ఆ చేతుల మీద నాలుగేళ్ళు ఉన్నాయి.

ఎవరో దుప్పటి తెచ్చి మెడదాకా కప్పారు. సారమ్మ కిందికి లాగింది. డేవిడ్ అక్క మళ్ళీ కప్పింది. సారమ్మ మళ్ళీ లాగింది. మూడోసారి మోషే లేచి, ఆ దుప్పటి తీసుకుని నాలుగు మడతలు వేసి, దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పెట్టె మూసే ముందు కుటుంబం చుట్టూ నిలబడి ఫొటో తీయించుకోవడం వీళ్ళలో ఆనవాయితీ. ఫొటోగ్రాఫరు కెమెరా ఎత్తి, దించి, "తీయమంటారా?" అన్నాడు.

"తీయి," అంది సారమ్మ.

అయ్యగారు ప్రార్థన కుదించేశారు. డేవిడ్ వాహనం చూసొస్తానని బయటికెళ్ళి, మళ్ళీ సమాధుల తోటలోనే కనిపించాడు. కేసు కాలేదు. ఫొటో పట్టుకుని మోషే రెండుసార్లు ఠాణాకు వెళ్ళాడు. డాక్టరు కాగితం ఉంది కదా బుడ్ఢా, పోయినవాళ్ళ బట్టలెవరు కోయమన్నారు మీ ఆవిణ్ణి, అని అడిగి పంపేశారు. ఏడాది తిరక్కుండా డేవిడ్‌కు ఇంకో పెళ్ళయింది.

జరిగిందల్లా తర్వాతి ఆదివారం గుడిలో జరిగింది. ఆడవాళ్ళు అందరూ పొట్టి చేతుల జాకెట్లు వేసుకొచ్చారు. ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు. పొడుగు చేతులు అంటే ఏమిటో ఆ పెట్టె దగ్గర చూశాక, ముచ్చటకు వేసుకున్నవాళ్ళెవరూ మళ్ళీ వేసుకోలేకపోయారు. మూడేళ్ళ ఫ్యాషన్ ఒక్క వారంలో చచ్చిపోయింది. ఆడవాళ్ళ వరసల్లో నలుగురు మాత్రమే మణికట్టుదాకా మూసుకుని కూర్చున్నారు. వాళ్ళకు వేరే దారి లేదు. గుడి మొత్తం ఆ నలుగురినీ లెక్కపెట్టింది. వాళ్ళ మొగుళ్ళు కూడా లెక్కపెట్టారు. మూడో వరస చివర కమల ఉంది.

ఆ సాయంత్రం కుళాయి దగ్గర కమల బిందె కింద పెట్టి సారమ్మకు ఎదురుగా నిలబడింది. పెదవి చిట్లి ఉంది.

"ఏం చేశావత్తా," అంది. గొంతులో కోపం లేదు. "ఇరవై మందిలో కలిసిపోయి ఉండేదాన్ని. ఇప్పుడు నేనెక్కడ దాక్కోను?"

సారమ్మ కూతుర్ని అందరికీ చూపించాలనుకుంది, ఆ చూపు ఎవరెవరి మీదికి తిరుగుతుందో ఆలోచించలేదు. కమలను తన ఇంటికి వచ్చి ఉండమంది. కమల తల అడ్డంగా ఊపి, బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది.

పై ఆదివారానికి సారమ్మ తనకోసం ఒక జాకెట్టు కుట్టుకుంది. నల్ల గుడ్డ, మెడ మూసి, చేతులు మణికట్టుదాకా. యాభై ఒక్కేళ్ళ మనిషి దాన్ని వేసుకుని గుడికి వెళ్ళి, కమల పక్కన కూర్చుంది. నలుగురు అయిదుగురయ్యారు. ఆ తర్వాత వేసవులు ఎన్ని వచ్చినా, ఒంటి నిండా చెమటకాయలు పేలినా, ఆమెను పొట్టి చేతుల్లో చూసినవాళ్ళు లేరు.

మొదట్లో జనానికి అర్థం కాలేదు. తర్వాత తమకు చేతనైనట్టు అర్థం చేసుకున్నారు. ఒకరోజు మోషే టీ కొట్టు నుంచి తాగకుండానే తిరిగొచ్చాడు. గుమ్మంలో కూర్చుని, చెప్పులు విప్పుకోకుండా కాసేపు పట్టాల వైపు చూశాడు.

"నేను నిన్ను కొడుతున్నానంటున్నారే," అన్నాడు.

సారమ్మ మిషను ఆపింది. "తీసేయమంటావా?"

మోషేకు చెప్పులు విప్పడానికి చాలాసేపు పట్టింది.

"వద్దులే," అన్నాడు. "కమల వేసుకుంటంది గదా ఇంకా."